మత్తడి దుంకే కొవ్వు

హనుమకొండలో ఒకే హాస్టల్ గదిలో ఉంటున్న ఇద్దరు యువకులను ఊహించుకుందాం. ఒకడు గ్రూప్స్‌కు చదువుతున్నాడు. పొద్దంతా రీడింగ్ రూమ్ కుర్చీకి అతుక్కుపోయి ఉంటాడు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. రెండోవాడు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారకముందే గ్రౌండ్‌కు వెళ్లి పరుగు తీస్తాడు. ఎత్తు 180, బరువు 84. బరువును ఎత్తు వర్గంతో భాగించే బీఎంఐ లెక్క వేస్తే మొదటివాడికి 21.3 వస్తుంది, రెండోవాడికి 25.9. భారతీయులకు 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని మన వైద్య నిపుణులు 2009లో గీత గీశారు. ఆ గీత ప్రకారం డాక్టర్ కూర్చోబెట్టి మాట్లాడాల్సింది పరుగు తీసే కుర్రాడితో.

ఇప్పుడు దర్జీ టేపు తీసి కొలిస్తే చదువుకునేవాడి నడుము 86 సెంటీమీటర్లు ఉంది, పరుగు తీసేవాడిది 84 ఉంది అనుకుందాం. మొదటివాడి నడుము అతని ఎత్తులో సగం దాటిపోయింది. రెండోవాడిది సగానికి ఆరు సెంటీమీటర్లు తక్కువే. కడుపు లోపల కొవ్వు పేరుకుని ఉండే అవకాశం బక్కగా కనిపించేవాడిలోనే ఎక్కువ. ఉదాహరణ కల్పితమే అయినా ఉత్తర తెలంగాణలో ఏ కాలేజీకి వెళ్లినా ఇలాంటి జోడీ కనబడుతుంది. సన్నటి చేతులు, సన్నటి కాళ్లు, షర్టు కింద దాగిన చిన్న పొట్ట. పండక్కి ఇంటికి వస్తే "హాస్టల్ తిండికి చిక్కిపోయిండు" అని అమ్మ బాధపడుతుంది. అతనికి రక్తపరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఈ ఒంటి తీరు గురించి వైద్యశాస్త్రంలో ప్రసిద్ధమైన ఫొటో ఒకటుంది. 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ అందులో పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఇద్దరి ఇంటిపేర్లూ ఇంగ్లిషులో వై అక్షరంతో మొదలవుతాయి గనుక దీనికి వై-వై వైరుధ్యం అన్న పేరు స్థిరపడింది. యాజ్ఞిక్ బృందం అప్పటికే పుణె పరిసర పల్లెల్లో పుట్టిన పసికందులను ఇంగ్లండ్‌లో పుట్టినవారితో పోల్చి చూసింది. మన పిల్లలు బరువులో చాలా తక్కువ, కండ తక్కువ. కానీ భుజం రెక్క కింద చర్మాన్ని మడిచి కొలిస్తే అక్కడి కొవ్వు అంతగా తగ్గలేదు. అంటే బక్కతనం, కొవ్వు కలిసి ఉండే ఈ తీరు హాస్టల్ మెస్సులో మొదలైంది కాదు, తల్లి కడుపులోనే మొదలవుతోంది. తరతరాలుగా తల్లులకు సరిపడా తిండి లేకపోవడం దీని వెనక ఉందన్నది ఈ రంగంలో గట్టిగా నిలిచిన వాదన.

కొవ్వు ఎంత ఉందన్న ప్రశ్న కంటే ఎక్కడ చేరిందన్న ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ఓరుగల్లు మనిషికి చెరువును మించిన పోలిక లేదు. చర్మం కింద, తొడల్లో, పిరుదుల్లో ఉండే కొవ్వు ఊరి చెరువు లాంటిది. తిన్నదాంట్లో ఖర్చు కాని శక్తిని ఎవరికీ హాని లేకుండా నిలవ చేసే చోటు అది. చెరువు పెద్దదైతే ఎన్ని వానలు పడ్డా పట్టుకుంటుంది. దక్షిణాసియా వాళ్లలో చాలామందికి ఈ చెరువు చిన్నదన్నది శాస్త్రవేత్తల అంచనా. చిన్న చెరువు తొందరగా నిండి మత్తడి దుంకుతుంది. ఆ దుంకిన కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో, కండరాల్లో, క్లోమగ్రంథిలో చేరుతుంది. పేగుల చుట్టూ చేరిన కొవ్వు విడుదల చేసే కొవ్వు ఆమ్లాలు పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికి వెళ్తాయి. అక్కడి నుంచి ట్రైగ్లిజరైడ్లు రక్తంలోకి ఎక్కువగా వస్తాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి ఆ లోటు పూడుస్తూ ఉంటుంది కాబట్టి షుగర్ పరీక్షలో చాలా ఏళ్ల పాటు ఏమీ తేలదు. నలభై ఏళ్లకు తేలే షుగర్‌కు ఇరవైల్లోనే మత్తడి పారుతూ ఉంటుంది.

ఇన్సులిన్ పనిచేయకపోవడంతో ముడిపడి వచ్చే ఈ మార్పుల గుంపును 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ సిండ్రోమ్ ఎక్స్ అన్నాడు. విచిత్రమేమంటే ఆయన జాబితాలో ఊబకాయం లేదు. నడుము ఆ తర్వాతి నిర్వచనాల్లోకి వచ్చింది. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2005లో దాన్ని తప్పనిసరి షరతు చేసింది. 2009లో పలు అంతర్జాతీయ సంస్థలు కలిసి ఆ పట్టు సడలించి, ఐదింట్లో ఏ మూడు ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్ అనొచ్చని తేల్చాయి. ఆ ఐదు ఇవి: మన ప్రాంతపు మగవాళ్లలో నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 లేదా అంతకు మించి ఉండటం, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40 కంటే, ఆడవాళ్లలో 50 కంటే తక్కువ, బీపీ 130/85 లేదా ఆపైన, పరగడుపున షుగర్ 100 లేదా ఆపైన. వీటికి మందులు వాడుతున్నా లెక్కలోకే వస్తారు.

ఇరవై రెండేళ్ల వాళ్లకు ఈ కొలబద్ద సరిగ్గా అమరదు. బీపీ, షుగర్ చివరన పెరిగేవి. నడుము, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ ముందు చెడతాయి. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో ఇరవై దాటిన వారిపై ఐసీఎంఆర్-ఇండియాబ్ పేరుతో జరిగిన డయాబెటిస్ అధ్యయనంలో హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నవాళ్లే 72 శాతం పైగా తేలారు. అంటే మన దేశంలో ఐదింట ఒకటి చాలామందికి ముందే పడి ఉంటుంది. రెండు ఉన్న కుర్రాడికి "నీకు సిండ్రోమ్ లేదు" అని చీటీ ఇచ్చి పంపితే నిర్వచనం ప్రకారం తప్పేమీ లేదు, కానీ అతను సగం దారి నడిచేశాడన్న సంగతి ఎవరూ చెప్పనట్టే. యువతలో మూడు కోసం ఎదురుచూడటం కంటే రెండు దగ్గరే పట్టుకోవడం వివేకం.

నడుము కొలతతో ఈ సిండ్రోమ్‌ను చక్కగా పసిగట్టవచ్చని చెప్పే పరిశోధనలను చదివేటప్పుడు ఒక మెలిక గమనించాలి. సిండ్రోమ్ నిర్వచనంలోనే నడుము ఒక భాగం. నడుము పెద్దగా ఉన్నవాడికి ఐదింట ఒక మార్కు ముందే వేసి, ఆ తర్వాత నడుము ఎంత బాగా కనిపెట్టిందో చూడండి అంటే ఫలితం బాగానే వస్తుంది మరి. పరీక్షలో అడగబోయే ప్రశ్న ముందే ఇచ్చినట్టు. ఒంట్లో కొవ్వు శాతం, నడుము-ఎత్తు నిష్పత్తి లాంటివి కూడా నడుముతో పాటే పెరుగుతాయి కాబట్టి ఈ లాభం వాటికీ కొంత అందుతుంది. అసలు పరీక్ష వేరు. నడుమును పక్కన పెట్టి మిగిలిన నాలుగింట్లో రెండైనా చెడి ఉన్నవాళ్లను ఈ కొలత పట్టుకుంటుందా అని అడగాలి. ఇంకా మంచిది, పదేళ్ల తర్వాత ఎవరికి షుగర్ వచ్చిందో చూడటం. కొత్త కొలత ఏది వచ్చినా ఈ ప్రశ్న వేయకుండా మెచ్చుకోకూడదు.

ఇక పరికరాల సంగతి. జిమ్ముల్లో, మాల్స్‌లో కనిపించే యంత్రం మీద పాదాలు మోపితే, పిడులు పట్టుకుంటే "కొవ్వు 27 శాతం" అని చీటీ వస్తుంది. ఆ యంత్రం కొవ్వును చూడదు. ఒంట్లోకి మనకు తెలియనంత చిన్న కరెంటు పంపి అది ఎంత తేలిగ్గా పారిందో కొలుస్తుంది. నీరు ఎక్కువగా ఉండే కండలో కరెంటు సులువుగా పారుతుంది, కొవ్వులో అడ్డుపడుతుంది. ఆ అడ్డును, ఎత్తును, వయసును, ఆడా మగా అన్నదాన్ని ఒక సూత్రంలో వేసి శాతం తేలుస్తారు. ఆ సూత్రం ఎవరి ఒళ్లు కొలిచి తయారు చేశారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పొడవు కాళ్ల యూరప్ వాళ్ల మీద కట్టిన సూత్రం మన వాళ్లకు అలాగే సరిపోదు. నీటి సంగతి ఇంకా ముఖ్యం. మే నెలలో వరంగల్ ఎండకు చెమటోడ్చి వచ్చి, నీళ్లు తాగకుండా యంత్రం ఎక్కితే ఒంట్లో నీరు తగ్గి కరెంటుకు అడ్డు పెరుగుతుంది, కొవ్వు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. భోజనం, వ్యాయామం, నెలసరి కూడా అంకెను కదుపుతాయి. యంత్రం చీటీ మీద పేగుల చుట్టూ కొవ్వుకు కూడా ఒక అంకె వేసి ఇస్తే అదీ సూత్రంతో కట్టిన అంచనాయే. పైగా మగవాళ్లకు 25, ఆడవాళ్లకు 30 శాతం అని కొన్ని అధ్యయనాలు వాడతాయి, ఆడవాళ్లకు 35 అని మరికొన్ని. దాటితే ప్రమాదం అని అందరూ ఒప్పుకున్న గీత కొవ్వు శాతానికి లేదు.

చర్మం మడతను చిమటా లాంటి కాలిపర్‌తో పట్టి కొలిచే పాత పద్ధతి చౌక. 1974లో డర్నిన్, వోమర్స్‌లీ చూపించిన నాలుగు చోట్ల, అంటే పైచేయి ముందు, పైచేయి వెనక, భుజం రెక్క కింద, తుంటి పైన కొలిచి కూడతారు. చేయి తిరిగినవారు చేస్తే పనికొస్తుంది. కొత్తవారు చేస్తే ఒకే మనిషికి ఇద్దరు రెండు అంకెలు రాస్తారు. చర్మం కింది కొవ్వునే చూస్తుంది కాబట్టి, మత్తడి దుంకిన కొవ్వు దీనికి చిక్కదు. డెక్సా స్కాన్, ఎంఆర్ఐ పరిశోధనకు మంచివే, వెయ్యి మంది విద్యార్థుల వరుసకు కావు.

మిగిలింది టేపు. మామూలు దర్జీ టేపే ఇక్కడ గెలుస్తుంది, కానీ సరిగ్గా పట్టుకుంటేనే. ప్యాంటు సైజు చెప్పమంటే చాలామంది 32 అంటారు. ఆ ప్యాంటు పొట్ట కింద కట్టుకున్నది. మొలతాడు కూడా అంతే. పొట్ట పెరిగేకొద్దీ అది కిందికి జారి తుంటి ఎముక మీద కూర్చుంటుంది, ఏళ్ల తరబడి బిగుసుకోదు. కొలవాల్సిన చోటు వేరు. పక్కన చేత్తో తడిమితే చివరి పక్కటెముక తగులుతుంది, ఇంకా కిందికి వస్తే తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. ఆ రెండింటి మధ్యలో, టేపు నేలకు సమాంతరంగా, చర్మాన్ని నొక్కకుండా, మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో అంకె చదవాలి. పొట్ట లోపలికి లాగొద్దని చెప్పడం మరవకూడదు, ఇరవైల్లో ఉన్నవాళ్లు తప్పకుండా లాగుతారు.

ఆ అంకెను ఎత్తుతో కలిపి చూడటం ఇంకా మేలు. 90 సెంటీమీటర్ల నడుము 180 పొడుగున్న మగవాడికి సరిగ్గా సగం. 158 పొడుగున్నవాడికి అదే 90 చాలా ఎక్కువ, 0.57 వస్తుంది. ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు 160 ఎత్తుకు సగం, 148 ఎత్తుకు 0.54. పొట్టివాళ్లు ఎక్కువగా ఉన్న చోట ఒకే గీత వాళ్లకు అన్యాయం చేస్తుంది. మొదట చెప్పుకున్న 86 సెంటీమీటర్ల కుర్రాడు 90 గీత కిందనుంచి తప్పించుకుని, సగం గీత దగ్గర దొరకడానికి కారణం ఇదే. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022లో నడుము ఎత్తులో సగం దాటకుండా చూసుకోమని పెద్దలకు సిఫారసు చేసింది. 2025 జనవరిలో సవరించిన భారతీయ ఊబకాయ మార్గదర్శకాల్లోకీ ఈ నిష్పత్తి వచ్చింది. అదే నెలలో లాన్సెట్ కమిషన్ కూడా బీఎంఐ ఒక్కదాన్నే పట్టుకుని ఊబకాయం తేల్చొద్దంది. దీనికి టేపు కూడా అక్కర్లేదు. ఎత్తుకు సరిపడా ఒక తాడు తెంపి, దాన్ని సగానికి మడిచి నడుము చుట్టూ పెట్టి చూడొచ్చు. కొసలు కలవకపోతే రక్తపరీక్షకు వెళ్లాల్సిందే.

రక్తపరీక్షకు వెళ్లాలి అనడం దగ్గర చాలామంది పొరపడతారు. కొలత జల్లెడ మాత్రమే. ఒక కాలేజీలో వెయ్యి మంది ఉన్నారనుకుందాం, వారిలో వంద మందికి నిజంగా సమస్య ఉందనుకుందాం. ఉన్నవారిలో 80 శాతాన్ని పట్టుకుని, లేనివారిలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేసే కొలత చేతిలో ఉంది. వంద మందిలో 80 మంది దొరుకుతారు, 20 మంది జారిపోతారు. సమస్య లేని 900 మందిలో 180 మంది అనవసరంగా చిక్కుతారు. జల్లెడలో మిగిలిన 260 మందిలో నిజమైనవారు 80 మందే, మూడింట ఒక వంతు కూడా లేరు. టేపు చూసి "నీకు జబ్బు ఉంది" అని చెప్పేస్తే 180 మందికి లేని భయం అంటించినట్టు. అదే జల్లెడను జల్లెడలా వాడితే వెయ్యి మందికి సూది గుచ్చాల్సిన చోట 260 మందికి గుచ్చితే చాలు. రెండో మెట్టులో పరగడుపు షుగర్, లిపిడ్ ప్రొఫైల్, రెండు సార్లు చూసిన బీపీ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రక్తం తీసుకుని ఉచితంగా పరీక్షించే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఏర్పాటు ఉంది కాబట్టి, రెండో మెట్టు కట్టడానికి మన దగ్గర కొత్తగా పునాది తవ్వాల్సిన పని లేదు.

తలుపు మాత్రం ముప్పై ఏళ్ల దగ్గర పెట్టారు. అసంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చే, ముప్పును మార్కుల్లో లెక్కగట్టే సీబ్యాక్ ఫారంలో నడుము కొలత ఉంది. మగవాళ్లకు 90 దాటితే ఒక మార్కు, 100 దాటితే రెండు. ఆడవాళ్లకు 80 దాటితే ఒకటి, 90 దాటితే రెండు. కానీ ఆ గణన ముప్పై, ఆపై వయసువారి కోసం. చెన్నైలో డాక్టర్ మోహన్ బృందం 2005లో తయారుచేసిన భారతీయ డయాబెటిస్ రిస్క్ స్కోరులో 35 లోపు వయసుకు సున్నా. మన హాస్టల్ కుర్రాడికి తల్లికీ తండ్రికీ ఇద్దరికీ షుగర్ ఉండి, అతను కుర్చీ దిగకపోతే ఆ స్కోరు 50 వస్తుంది. 60 వస్తేనే అధిక ప్రమాదం. అతని 86 నడుముకు అందులో సున్నా పడుతుంది, 90 తాకితే గానీ 10 మార్కులు పడి గీత చేరడు. ఈ స్కోరు మంచిదే, దాన్ని పెద్దల కోసం కట్టారు. 2022లో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో రాష్ట్ర ప్రభుత్వం 18 దాటిన అందరికీ ఆరోగ్య వివరాల సేకరణ పైలట్‌గా మొదలుపెట్టినప్పుడు, ఆ వయసు గీతను కిందికి దించవచ్చని ఈ ప్రాంతంలోనే రుజువైంది.

ఊరూరా తిరిగి వెతకాల్సిన పని కూడా లేదు. కాకతీయ విశ్వవిద్యాలయం, ఎన్ఐటీ, డిగ్రీ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఉన్న హనుమకొండలో ఈ వయసువాళ్లు వేల సంఖ్యలో ఒక్కచోటే ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు గల్ఫ్‌కు పోయే ప్రతి కుర్రాడూ మెడికల్ చేయించుకునే పోతాడు. పోలీసు నియామకాల్లో ఎత్తు కొలుస్తారు, పరుగు పెట్టిస్తారు. ఇన్ని చోట్ల ఎత్తు రాసుకున్నవాళ్లు దాని పక్కనే నడుము కూడా రాసుకుంటే అయ్యే ఖర్చు నిమిషం కాలం.

బీడీలు చుట్టే అమ్మాయిలు మాత్రం ఈ గేట్లలో వేటి గుండానూ రారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చాటను ఒళ్లో పెట్టుకుని కూర్చునే పని అది. కూలి పని చేస్తున్నారు గనుక ఒళ్లు కదులుతోందని అంతా అనుకుంటారు, నిజానికి కదిలేది వేళ్లే. వాళ్ల దగ్గరికి ఏఎన్ఎం వెళ్లాలి. చీర కుచ్చిళ్లు, లంగా బొందు ముడి మీదుగా టేపు పెడితే అంకె చెడిపోతుంది. చాటుగా కొలిచే చోటు, కొలిచే ఆడమనిషి ఉండాలి. నెలసరి తప్పుతోందా, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నాయా అన్న రెండు ప్రశ్నలు అక్కడే అడగొచ్చు. ఆ రెండూ గుర్తులుగా ఉండే హార్మోన్ల సమస్య పీసీఓఎస్‌కూ, ఇన్సులిన్ పనిచేయకపోవడానికీ దగ్గరి చుట్టరికం.

టేపు, తాడు ఏదీ లేకుండా కంటికి కనిపించే గుర్తు మరొకటుంది. మెడ వెనక, చంకల్లో చర్మం మందంగా, ముఖ్‌మల్ గుడ్డలా నల్లబడటం. దాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతోందనడానికి చాలాసార్లు అది బయటి గుర్తు. ఇళ్లల్లో దాన్ని మురికి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దుతారు, పోకపోతే ఫెయిర్‌నెస్ క్రీములు కొంటారు. పద్దెనిమిదేళ్ల పిల్ల మెడ పుండు పడేలా రుద్దించుకుంటున్న ఇంట్లో ఎవరైనా ఒక్కరు రక్తం చూపించమని చెబితే ఎంత బాగుండును.

జల్లెడలో చిక్కినవారికి ఏం చెప్పాలన్న దగ్గర నిజాయితీ అవసరం. 2006లో వెలువడిన భారతీయ డయాబెటిస్ నివారణ అధ్యయనంలో తిండి, నడక మార్పులతో షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. కానీ అందులో పాల్గొన్నవారి సగటు వయసు నలభై ఐదు దాటింది, వాళ్లకు షుగర్ అప్పటికే అంచుల దాకా వచ్చి ఉంది. ఆ అంకెను తెచ్చి ఇరవై రెండేళ్లవాడికి హామీగా ఇవ్వలేం. ఇరవైల్లో చాలామందికి మందు అవసరం రాదు. ట్రైగ్లిజరైడ్లు మాత్రం కూల్‌డ్రింకులు, చక్కెర చాయ్‌లు, మద్యం, మూడు పూటలా తెల్లన్నం తగ్గించిన కొన్ని వారాల్లోనే దిగి వస్తాయి. అది కాగితం మీద కనిపించే మార్పు కాబట్టి కుర్రవాళ్లకు ధైర్యమిస్తుంది.

బరువు తగ్గు అన్న మాట 58 కిలోల వాడికి చెప్పకూడదు. చెబితే పూట మానేస్తాడు, ఉన్న కాస్త కండ కరుగుతుంది, నడుము అలాగే ఉండిపోతుంది. రక్తంలోని చక్కెరను ఎక్కువగా పీల్చుకునేది కండరమే కనుక అతనికి కావాల్సింది కండ. మెస్సులో అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచడం, గుడ్డు, శనగలు, వీలైనప్పుడు జొన్నరొట్టె. తెల్లవారి రూమ్మేట్ వెంట గ్రౌండ్‌కు వెళ్లడం, పరుగు చేతకాకపోతే గుంజీళ్లు, దండీలు. మూడు నెలల తర్వాత అదే చోట, అదే టేపుతో, పరగడుపున మళ్లీ కొలవాలి. అప్పటికి బరువు 58 దగ్గరే ఉండి నడుము 82కు దిగితే రిజిస్టర్‌లో అతని పేరు పక్కన రాయాల్సిన అంకె ఆ 82.